నాన్న చేతికి పని తిరిగి ఇవ్వడం గురించి

లీడ్స్,
జూన్ 14

తమ్ముడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "ఏ లోటూ రానివ్వట్లేదక్కా, మంచం దగ్గరికే అన్నీ అందిస్తున్నాం, అయినా మనిషి ముడుచుకుపోతున్నాడు" అన్నావు. అసలు చిక్కు ఆ అందించడంలోనే ఉందేమో. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. సుజాతకీ చదివి వినిపించు.

నాన్న రోజుని ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డ్యూటీ చార్టు నడిపింది. రిటైరయ్యాక అమ్మ నడిపింది. పాలు తెండి, పిండి మర పట్టించండి, కరెంటు బిల్లు కట్టి రండి అంటూ. అమ్మ పోయి ఏడు నెలలు. ఆ పురమాయింపులు అమ్మతోనే పోయాయి. మిగిలిన ఒకటీ అరా పనులు "మీరు కూర్చోండి నాన్నా" అని నువ్వు లాక్కున్నావు. పాలబూత్ దగ్గర పలకరింపు, మర దగ్గర కబురు, చిల్లర లెక్క సరిపోయిందన్న తృప్తి, మనిషి మనసుకి దొరికే రోజువారీ తిండి ఇదే. అది ఆగితే దిగులు ముదురుతుంది, దిగులు ముదిరితే మంచం దిగబుద్ధి కాదు, దిగకపోతే ఆ తిండి ఇంకా తగ్గుతుంది. ఓపిక వచ్చాక పని చేద్దాం అనుకుంటే ఓపిక రాదు. ముందు పని, దాని వెనకే ఓపిక.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. మేము చేసే వైద్యంలో దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1996లో అమెరికాలో నీల్ జేకబ్సన్ అనే సైకాలజిస్టు బృందం దీన్నొక్కదాన్నే విడిగా ఇచ్చి చూస్తే, ఆలోచనల్ని సరిదిద్దే భాగాలు కూడా కలిపిన పూర్తి థెరపీతో సమానంగా పనిచేసింది. మన దేశంలో గోవాలో, సైకాలజీ చదవని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ఇదే చేయించారు. బాగా ముదిరిన డిప్రెషన్ కూడా తగ్గింది. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కాబట్టి నువ్వూ సుజాతా సాయం పట్టగలరు. కాకపోతే ముందు డాక్టరు చూడాలి.

ఎందుకంటే నాన్న "మనసు బాగాలేదు" అనడు. "ఒంట్లో ఓపిక లేదు, తిన్నది అరగట్లేదు" అంటాడు. ఆ తరం వాళ్ళ దిగులు ఒంటి మాటల్లోనే బయటికొస్తుంది. అయితే నిజంగా ఒంట్లోనే ఏదైనా ఉండొచ్చు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం పరీక్షలు చేయించు. చెవులు కూడా చూపించు, వినపడని మనిషి నలుగురిలోంచి తప్పుకుంటాడు. మాటలు మర్చిపోతున్నాడని మతిమరుపు ముద్ర వేసెయ్యకు. దిగులులో ధ్యాస నిలవక కూడా అలా అవుతుంది.

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది. గడిచిన రెండు వారాల మీద అడుగుతుంది. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగానికి పైగా రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుతో తప్పకుండా మాట్లాడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండన్న ఆలోచన గురించి. అక్కడ 1 వచ్చినా మొత్తం ఎంతని చూడకు, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. నేరుగా అడగడానికి జంకకు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చేను కోసం తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంచకు. ఇది అడగకముందే చెయ్యాల్సిన పని. ఆ తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో బాగా విషమైన మందుల్ని 1995 నుంచి నిషేధించుకుంటూ వచ్చాక, 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అనుమానం వస్తే నాన్నని ఒంటరిగా వదలకు. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక అసలు పని. మొదటి వారం ఏమీ మార్చకు, రాయించు. పాత నోటుబుక్కులో గంటకో గీత. ఏం చేశాడు, ఎంత హాయిగా ఉంది, ఏదో చేశానని ఎంత అనిపించింది, రెండింటికీ 0 నుంచి 10 లోపు అంకె. స్టేజీ స్టేజీకీ టికెట్ నంబర్లు రాసుకున్న చెయ్యి అది, రాయనంటే ఆశ్చర్యపోతాను. అంకెలు 1, 2 దగ్గరే ఆడినా ఏదో ఒక గంట 4 కనిపిస్తుంది. వెతకాల్సింది ఆ గంటని.

రెండో వారం రోజుకి రెండే పనులు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అనేది ముందే రాసి ఉండాలి. "వాకింగ్‌కి వెళ్ళండి" అన్నది పని కాదు. "ఆరున్నరకి చెప్పులు తొడుక్కుని పాలబూత్ దాకా" అన్నది పని. అదీ బరువైతే గేటు దాకా. ఒకటి మనుషులు తగిలేది ఉండాలి, ఇంకొకటి తను చెయ్యకపోతే ఇంట్లో ఆగిపోయేది ఉండాలి. ఈ రెండోది ముఖ్యం. పాపని బడి ఆటో ఎక్కించడం అలాంటిది. లేచే టైము ఏడు రోజులూ ఒకటే, మధ్యాహ్నం కునుకు మూడింటిలోపే, అరగంటే.

ఎక్కడ చెడుతుందో చెబుతా. ఒకరోజు బాగుందని తెనాలంతా తిప్పుతావు, మర్నాడు పడుకుంటాడు, "చూశావా, నావల్ల కాదు" అంటాడు. బాగున్న రోజున కూడా రాసుకున్నంతే. ఇంకోటి, నీకిష్టమైన యోగా అంటగట్టడం. ఆయన ఎన్నడూ చెయ్యనిది ఇప్పుడేం చేస్తాడు? లైబ్రరీలో పేపరు చదివిన మనిషి, అక్కడికే పంపు. "వద్దురా" అంటే వాదించకు, "అయిదు నిమిషాలు చూసి నచ్చకపోతే వచ్చేద్దాం" అని లే. అమ్మ మాసికం రోజులకి అంకెలు పడతాయి, అది సహజం, ఆ రోజు పని సగం చెయ్యి కానీ మానిపించకు. అమ్మ కోసం ఏడిస్తే ఏడవనివ్వు. తలుపు వేసుకుని ఏడవడం కన్నా అది నయం.

ఇంట్లో మాటతీరు కూడా మందే. యాభైల చివర్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళిన మానసిక రోగుల్ని గమనిస్తే, తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళలో తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. తర్వాత తేలిందేంటంటే, దెబ్బ కొట్టేవి దెప్పడం, విసుక్కోవడం, మితిమీరిన జాగ్రత్త. డిప్రెషన్‌లోనూ దెప్పుళ్ళది పెద్ద చెయ్యే. నువ్వు మొదటిది చేస్తావు ("మాకు మాత్రం అమ్మ లేదా?"), సుజాత మూడోది. కోప్పడకు, అలా అన్నానని.

డాక్టరు మాత్రలు రాస్తే రెండు నుంచి నాలుగు వారాల దాకా గుణం తెలియకపోవచ్చు, మొదట్లో వికారం రావచ్చు. తగ్గిందని ఆపకు, కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఈ వయసులో కొన్నింటితో సోడియం పడిపోతుంది, బీపీ మాత్రల్లో నీరు తీసేవి ఉంటే మరీను. తూలినా, తికమకపడినా వెంటనే పరీక్ష చేయించు. మోకాళ్ళకి వేసుకునే నొప్పి బిళ్ళల సంగతి తప్పక చెప్పు, కలిస్తే కడుపులో రక్తస్రావం అవ్వచ్చు. నిద్రమాత్రలు షాపులో అడిగి తేవద్దు, రాత్రి లేచి పడితే తుంటి విరుగుతుంది.

ఆదివారం నీకు పదకొండున్నరకి, అంటే నాకు పొద్దున ఏడింటికి, నోటుబుక్కు ఫోటో పంపు. నాన్నతో నేనే మాట్లాడతా, అంకెల గురించి కాదు, పాలబూత్ దగ్గర ఎవరు కనిపించారని అడుగుతా. మొదటి వారం బుక్కు నిండాక, ఎనిమిదో రోజు నుంచి, సుజాతని పాలకి వెళ్ళొద్దను. ఆలస్యమైనా సరే, ఆ రోజు కాఫీ ఆలస్యంగానే తాగండి.

అక్క