మొరాయించిన ఆ రెండు ఛాంబర్లు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరాలు వచ్చి చాలాకాలమైనా ఒక్కదానికీ బదులు వ్రాయనందుకు ముందు క్షమించు. ఇంట్లో అందరూ కులాసాయే, నా మోకాలు మాత్రం కాదు, ఉద్యోగం సంగతి అడగకపోవడమే మేలు. ఈ మూడు ముక్కలతో క్షేమసమాచారం ముగిసిందనుకో, ఎందుకంటే నీకు తప్ప మరెవరికీ చెప్పి ప్రయోజనం లేని ఒక సంగతి నా కడుపులో నిలవడం లేదు.

రివాల్వర్ కొన్నాను. నవ్వకు. స్మిత్ అండ్ వెస్సన్ వారి కె-22 మాస్టర్‌పీస్, అంటే వారు 1957లో మోడల్ 17 అని అంకె తగిలించిన తుపాకీకి పూర్వరూపం. తూటాలు నింపే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌ను తెరిచి చూస్తే ఫ్రేమ్ లోపలివైపు మోడల్ అంకె లేదు, పైగా ఐదు స్క్రూలూ ఉన్నాయి కనుక అది ఆ ఏటికంటే ముందుదే. లైసెన్సు కాగితాల తంతు ఎంతకాలం సాగిందో వ్రాస్తే ఈ ఉత్తరం అర్జీలా తయారవుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

అమ్మకందారు "కొంచెం మొండిది, అప్పుడప్పుడు పేలదు" అని ముందే చెప్పాడు. ఆ నిజాయితీకే సగం పడిపోయాను. అయినా నువ్వు నేర్పిన పరీక్షలన్నీ వరుసగా చేశాను. ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, వెనుకనుంచి దెబ్బ కొట్టే హ్యామర్‌ను బొటనవేలితో ఆపుతూ నెమ్మదిగా వెనక్కి లాగితే, అది పూర్తిగా నిలిచేలోపే ఆరు ఛాంబర్లూ, అంటే సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులూ, తమ తమ స్థానాల్లో టక్కుమని కుదురుకున్నాయి. లాగి నిలిపిన హ్యామర్‌ను వెనుకనుంచి బొటనవేలితో నెట్టినా జారలేదు. సిలిండర్ ముందుకూ వెనక్కూ కదలడం దాదాపు లేదు. ఒక తెల్లకాగితం మీది వెలుతురును బ్యారెల్ (గొట్టం) లోకి పంపి చూస్తే, గుండు మధ్యలో ఇరుక్కుపోయి ఉండగా వెనకాలే మరొకటి పేల్చిన తుపాకుల్లో కనిపించే నల్లటి వలయం ఎక్కడా కనిపించలేదు. ఇన్ని మంచి లక్షణాలున్న తుపాకీ ఎందుకు మొండికేస్తుందన్నదే నా ప్రశ్న.

రేంజ్‌కు తీసుకువెళ్ళాక సలహాలకు కొదువ ఏముంటుంది? మనం పొడుగు గడియారం అని పిలుచుకునే ఆయన చూసీ చూడగానే "మెయిన్‌స్ప్రింగ్ చచ్చిపోయింది, మార్పించు" అని, హ్యామర్‌ను ముందుకు తోసే స్ప్రింగ్ మీద తీర్పు చెప్పేశారు. ఆయన తీర్పుల సంగతి నీకు తెలియనిదా, ఆ గొడుగు రోజున ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో చాలు. ఇంకొకాయన తూటాలే నాసిరకమన్నాడు, అందులో కొంత సబబు లేకపోలేదు. నీది తూటా అడుగు మధ్యలో దెబ్బ పడే సెంటర్‌ఫైర్ లోకం కనుక ఒక్క మాట చెప్పనీ: ఈ చిన్న తూటాకు మధ్యలో ప్రైమర్ అనే చిన్న నిప్పు మూత ఉండదు, నిప్పు పుట్టించే మందును తడిగా ఉన్నప్పుడే గిర్రున తిప్పి అడుగు అంచు మడతలోకి పరుచుకునేలా చేస్తారు. ఆ మందు ఒకచోట పలచబడితే, హ్యామర్ దెబ్బను తూటాకు తగిలించే పిన్ను సరిగ్గా అక్కడే పడితే, తూటా మౌనవ్రతం పడుతుంది. 1887 నుంచి ఉన్న .22 లాంగ్ రైఫిల్ అనే ఈ తూటాకు ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది.

కానీ నాకు నచ్చనిది ఒకటుంది. పేలని తూటాను, కాసేపు గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఆగిన తరువాత, కదపకుండా అదే ఛాంబర్‌లో మళ్ళీ కొడితే చాలాసార్లు పేలుతోంది. మందు లేనిచోట రెండోసారి మాత్రం మందు ఎక్కడినుంచి వస్తుంది? అందుకని సిలిండర్ మీద ఛాంబర్ల పక్కన రంగు చుక్కలు పెట్టి, రకరకాల తూటాలు వేసి పేల్చాను. తూటాలు ఏవైనా, మొరాయించేవి ఎప్పుడూ ఆ రెండు ఛాంబర్లే! స్ప్రింగ్ బలహీనమైతే ఆరింటికీ ఒకే న్యాయం జరగాలి కదా? అది తెలిసిన క్షణాన నాకు కలిగిన సంతోషం చూసి పక్క లేన్‌లో ఉన్నవాళ్ళు నాకు పదికి పది పడ్డాయనుకున్నారు.

తుపాకీని, తుపాకులు బాగుచేసే మన మౌనస్వామి దగ్గరకు పట్టుకెళ్ళాను. ఆయన అలవాటు ప్రకారం ఏమీ మాట్లాడకుండా భూతద్దం నా చేతిలో పెట్టాడు. ఆ రెండు ఛాంబర్ల వెనుక అంచు దగ్గర, ఫైరింగ్ పిన్ పడేచోట, సన్నని గుంట కనిపించింది. ఆ గుంటలోనుంచి తొలగిన ఉక్కు ఛాంబర్ లోపలికి ఇసుక రేణువంత పొడుచుకుని వచ్చింది. పూర్వపు యజమాని ఎవరో ఖాళీ తుపాకీతో ఏళ్ళ తరబడి ట్రిగ్గర్ సాధన చేసి ఉంటాడు. ఆ రేణువు అడ్డం కావడంతో తూటా వెంట్రుకవాసి పైకి నిలుస్తోంది, హ్యామర్ మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చవుతోంది, రెండో దెబ్బకు గానీ నిప్పు పుట్టడం లేదు. దీనికి తోడు ఎవరో పొట్టి .22 షార్ట్ తూటాలు విరివిగా వాడినట్టున్నారు, ఆ తూటాలు ఆగేచోట ఛాంబర్ లోపల మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంది. ఆకురాయి పెడతాడేమోనని నా ప్రాణం విలవిలలాడింది కానీ, ఆయన పెట్టలేదు. ఛాంబర్ కొలతకు సరిపోయే నున్నటి ఉక్కు పనిముట్టును దూర్చి, పొడుచుకొచ్చిన లోహాన్ని దాని చోటికే వెనక్కి అదిమాడు. లోహం పోలేదు, సర్దుకుంది. తరువాత సాల్వెంట్‌లో ముంచిన కంచు బ్రష్‌తో మసి ఉంగరం వదిలించి, ఒక్క మాట అన్నాడు: "ఊఁ." ఆయన నోట అంత పెద్ద ప్రసంగం మనం ఎప్పుడైనా విన్నామా?

అప్పటినుంచి ఆరు ఛాంబర్లూ ఒకే మాట మీద ఉన్నాయి. ఖాళీ సాధన మానలేను కనుక, గోడలో స్క్రూ బిగించడానికి వాడే ప్లాస్టిక్ ప్లగ్గుల్లో సరిపోయేవి ఛాంబర్లలో పెట్టి పిన్ను దెబ్బ వాటికే తగిలేలా చేస్తున్నాను. ప్రతి సాధన తరువాత ఛాంబర్లు, ఖాళీ తొడుగులను బయటికి నెట్టే ఎజెక్టర్ నక్షత్రం కింద చేరే కాలని మందు తప్పకుండా తుడుస్తాను. బ్యారెల్‌ను మాత్రం అతిగా తోమను, ఎందుకంటే రివాల్వర్‌కు తుడిచే రాడ్‌ను గుండు బయటికొచ్చే మూతివైపునుంచే పంపాలి, మూతి అంచు అరిగితే గురి పోయినట్టే. ఎజెక్టర్ రాడ్ వదులైందేమోనని కూడా చూస్తుంటాను, ఈ పాతవాటికి మర కుడిచేతి వాటం కావడంతో అది సిలిండర్ తిరుగుడుకు తనంతట తానే వదులై, ఒక్కోసారి సిలిండర్ తెరుచుకోకుండా చేస్తుంది. తరువాతి కాలంలో దాన్ని ఎడమచేతి వాటానికి మార్చారు. లోపలి యంత్రాన్ని కప్పే సైడ్ ప్లేట్ విప్పాలని చేయి దురద పెడుతోంది, కానీ దాన్ని పెకలించకూడదు, ఫ్రేమ్‌ను స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టితే అదే పైకి లేస్తుందని అంటారు. ఇక నీ మూడో ఊపిరి సిద్ధాంతం ఈ తేలిక ట్రిగ్గర్ మీద ఎలా పనిచేసిందంటే,

బయట బండి హారన్ ఆగకుండా మోగుతోంది. ఆ కథ మళ్ళీ వ్రాస్తాను, నీ ట్రిగ్గర్ బరువు ఎంత పెట్టించావో వెంటనే తెలియజేయి.

నీ
చుక్కలవాడు