ప్రాచీన నాణేల ఆన్‌లైన్ ఉపన్యాసాలు: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన దాతలకు, ఉపన్యాసాలు విన్న మిత్రులకు నమస్కారం. హైదరాబాద్ నుంచి ఆదివారం సాయంత్రాలు నడిపిన ఎనిమిది ఉపన్యాసాలూ పూర్తయ్యాయి. మీరిచ్చిన డబ్బుకు లెక్క ఇది.

ముందుగా జమ. 118 మంది తలా 200 చొప్పున కట్టిన రుసుము 23,600. 27 మంది దాతల చందాలు 31,500. పాత నిల్వ 4,150. కమిటీ సభ్యులం వేసుకున్నది 1,800. ఎందుకో కింద చెప్తాం. మొత్తం 61,050 రూపాయలు. విద్యార్థుల దగ్గర ఏమీ తీసుకోలేదు.

ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు ఫొటోలది, 14,500. ఫోన్‌తో తీస్తే సరిపోదా అని కొందరు దాతలు అడిగారు. అడగాల్సిన మాటే. నాణేన్ని చేతికిస్తే ఎవరైనా వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. శాతవాహనుల నాణేల్లో ఎక్కువ భాగం సీసం, పోటిన్. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన లోహం. రెండు వేల ఏళ్ల నాటి ఈ నాణేల మీద అక్షరాలు బాగా అరిగి ఉంటాయి. ఎదురుగా లైటు వేస్తే ఉత్త నల్ల బిళ్ల కనిపిస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. అందుకే మాక్రో లెన్సు, లైట్లు అద్దెకు తెచ్చి, రెండు రోజులు ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుని, సభ్యుల దగ్గరున్న 46 నాణేలను రెండు వైపులా తీయించాం.

ఆ ఖర్చు ఎందుకో జోగల్‌తంబి గురించి విన్నవాళ్లకు తెలుసు. 1906లో నాసిక్ దగ్గర ఆ ఊళ్లో క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు 13,000కు పైగా బయటపడ్డాయి. ఓడిన రాజు డబ్బును కరిగించకుండా, వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మీద, అతణ్ణి ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. అలాంటి నాణెం మా సభ్యులొకరి దగ్గర ఉంది. కొండ గుర్తు కింద నహపానుడి ముఖం గీత తెర మీద కనిపించిన క్షణం మాకింకా గుర్తుంది.

మిగతా ఖర్చులు: ఎనిమిది మంది వక్తల్లో ఇద్దరు పారితోషికం వద్దన్నారు, వారికి మా కృతజ్ఞతలు, మిగతా ఆరుగురికి 2,000 చొప్పున 12,000. మీటింగ్ సదుపాయానికి రెండు నెలల చందా 3,060. రికార్డింగుల ఎడిటింగ్, తెలుగు సబ్‌టైటిళ్లు 9,600. నాణేల మీది ప్రాచీన బ్రాహ్మీ లిపిని నేర్పే పుస్తకం 120 ప్రతుల అచ్చు 7,200, పోస్టు 2,340.

ఆ పుస్తకంలో మా వల్ల ఒక తప్పు జరిగింది. కోటిలింగాలలో దొరికిన ఛిముకుడి నాణెం బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయింది. బ్రాహ్మీ ఎడమ నుంచి కుడికి చదవాలి. శాతవాహన వంశంలో మొదటివాడిగా భావించే రాజు పేరును, లిపి నేర్పడానికి వేసిన పుస్తకంలోనే తిరగేశామని చాలా బాధపడ్డాం. ఒక రిటైర్డ్ టీచర్ గారు పట్టుకుని చెప్పారు. ఆ పేజీ మళ్లీ అచ్చు వేయించడానికైన 1,800 చందాల్లోంచి తీయడం న్యాయం కాదని మేమే వేసుకున్నాం.

ఒక ప్రభుత్వ పాఠశాలకు 20 భూతద్దాలు 3,000, చిన్న తూకం మిషన్ 900. వెండి విద్ధాంక నాణెం, అంటే చిన్న చిన్న గుర్తులు విడివిడిగా గుద్దిన పాత నాణెం, సాధారణంగా మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ తూగుతుంది. పోత పోసిన నకిలీలు చాలాసార్లు తూకం దగ్గరే దొరికిపోతాయి. పిల్లలకు మరీ మరీ చెప్పిన మాట, పాత నాణేన్ని చింతపండుతో తోమొద్దు. మెరుపు వస్తుంది, అక్షరం పోతుంది.

ఇంకో విషయం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 10,000 జమై అదే రోజు తిరిగి వెళ్లినట్టు ఉంటుంది. పొలంలో దొరికిన నాణేలకు మా ఉపన్యాసంలో ధర చెప్పించాలనే షరతుతో వచ్చిన డబ్బది. మేం ధరలు చెప్పం. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. వారికి అదే చెప్పి డబ్బు వెనక్కి పంపాం. పై మొత్తాల్లో అది లేదు.

మొత్తం ఖర్చు 54,400. నిల్వ 6,650, బ్యాంకులో ఉంది. దీన్ని తర్వాతి విడతలో ఇక్ష్వాకుల, విష్ణుకుండినుల నాణేల ఫొటోలకు వాడాలనుకుంటున్నాం. వోచర్లు, రసీదులు హిమాయత్‌నగర్‌లో కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఏ ఆదివారం ఉదయమైనా వచ్చి చూడొచ్చు. లెక్కలో తేడా కనిపిస్తే ఈ నెలాఖరులోపు చెప్పండి, సరిచేసి మళ్లీ ప్రకటిస్తాం.