కాలిన చోట ముందు నీళ్లు పోయండి

సంపాదకులకు,

ఒళ్లు కాలి ఆస్పత్రికి వచ్చేవాళ్లలో చాలామంది గాయం మీద టూత్‌పేస్టో, సిరానో, దోసెల పిండో, పసుపో పూసి ఉంటుంది. నీళ్లు పోసినవాళ్లు తక్కువ. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయన్న మాట మన గుంటూరు, బెజవాడ ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. అది నిజం కాదు. పొయ్యి కట్టేశాక కూడా పెనం మీద అట్టు కాసేపు కాలుతూనే ఉంటుంది కదా, చర్మమూ అంతే. ఆ వేడిని బయటికి లాగేది నీళ్లే. పైన పేస్టు పూస్తే వేడి లోపలే ఉండిపోతుంది. పైగా గాయం ఎంత లోతో చూడాలంటే ఆ పూతంతా కడిగి తీయాలి. ఆ కడుగుడు బాధ పసిపిల్లలకు పెట్టకండి.

కుళాయి కింద సన్నటి ధార, 20 నిమిషాలు. మంట తగ్గిందని 2 నిమిషాలకే ఆపేయకూడదు. కుళాయి లేకపోతే అర నిమిషానికో లీటరు చెంబు చొప్పున నెమ్మదిగా పోస్తే 40 లీటర్లు, అంటే రెండు బకెట్లు సరిపోతాయి. కాలిన 3 గంటల్లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఉపయోగమే.

మన ఊళ్లలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. వేడిగా ఉంటే ఇంట్లో పట్టి ఉంచిన బిందె నీళ్లో, తాగే నీళ్ల క్యానో వాడండి. ఐసు మాత్రం పెట్టొద్దు. రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా ముదురుతుంది.

నీళ్లు పోస్తూనే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పిల్లలకైతే కడియాలు, మొలతాడు తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు, బిగుసుకుని రక్తం ఆడనివ్వవు. సాంబారుతో తడిసిన చొక్కా, డైపరు వెంటనే విప్పాలి, అవి వేడిని పట్టి ఉంచుతాయి. ఒంటికి అతుక్కున్న గుడ్డను మాత్రం లాగొద్దు. పసిపిల్లలకు కాలిన చోటే నీళ్లు పోసి, మిగతా ఒంటికి పొడి దుప్పటి కప్పాలి. లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది. తర్వాత ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పండి. దూది వద్దు, అంటుకుంటుంది. బొబ్బలు చిదమొద్దు.

మనిషి అరచెయ్యి, వేళ్లతో సహా, తన ఒంట్లో సుమారు 1 శాతం. బిడ్డ అరచేతిని మించి కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పిల్లలకు 10 అరచేతులంత కాలిందంటే సెలైన్ ఎక్కించాల్సిందే, 108కి ఫోన్ చేయండి. కరెంటుతో కాలితే పైకి చిన్న మచ్చే కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి, లోపల కండ, గుండె దెబ్బతిని ఉండొచ్చు.

అసలు కాలకుండా చూసుకోవడం ఇంకా తేలిక. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే 5 సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి, పిల్లలకు అంతసేపు కూడా అక్కర్లేదు. అందుకే బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్నీళ్లు. గంజి వార్చేటప్పుడు పిల్లలు వంటింట్లో ఉండకూడదు. ఫంక్షన్లలో సాంబారు గుండిగ నేల మీద దించితే చుట్టూ బల్లలు అడ్డం పెట్టాలి, పిల్లలు వెనక్కి నడుస్తూ అందులో కూలబడతారు. పొయ్యి దగ్గర నైలాన్ నైటీ వద్దు, అది కరిగి ఒంటికి పట్టేస్తుంది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ కట్టేసి మూత పెట్టండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

గ్యాస్ ఏజెన్సీలు బండతో ఇచ్చే రసీదు వెనక ‘కాలితే 20 నిమిషాలు నీళ్లు’ అని అచ్చు వేయించాలని కోరుతున్నాం. ఆవకాయ కొలతలు వేసే పేజీలోనే ఓ మూల ఆ ముక్క వేయమని మీకూ మా మనవి.

– కాలిన గాయాల వార్డు నర్సులు, గుంటూరు