సాకేత్ ఆటకు దూరం కాలేదు

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో మన టెన్నిస్ ఆటగాడు మైనేని సాకేత్ మీద వచ్చిన వార్త చదివాను. 'చదువు కోసం అమెరికా వెళ్లి కొన్నేళ్లు ఆటకు దూరమయ్యాడు' అని రాశారు. ఆ ఒక్క మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

దూరమవడం ఏమిటండీ? అక్కడి అలబామా యూనివర్సిటీ టెన్నిస్ జట్టుకు ఆడాడు ఆ అబ్బాయి. అక్కడ కాలేజీ మ్యాచ్ అంటే ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. ఒక్కోసారి జట్టు మొత్తం గెలుపు చివరగా మిగిలిన ఒక్కడి రాకెట్ మీదే ఉంటుంది. ఆ టెన్షన్‌కు తట్టుకోవడం మన దగ్గర ఎవరు నేర్పుతున్నారు? మన దేశానికి ఆడిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ కూడా ఆ బడిలోంచి వచ్చినవాడే. వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరుసగా కాలేజీ చాంపియన్ అయ్యాడు. మొదటిసారి ఫైనల్లో ఓడించింది, తర్వాత పెద్ద ఆటగాడైన అమెరికా జాన్ ఇస్నర్‌ని!

ఇక మన ఉయ్యూరులో పుట్టిన సాకేత్ సంగతి. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్‌లో స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్‌లో రజతం. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో మూడు రౌండ్లూ గెలిచి మెయిన్ డ్రాకు, అంటే అసలు పోటీకి చేరాడు. అక్కడ చెక్ ఆటగాడు యిరి వెసెలీతో అయిదు సెట్లు ఆడాడు. కండరాలు పట్టేసినా కోర్టు వదల్లేదు. ఫోన్‌లో స్కోరు చూస్తూ కూర్చున్న నాకు చివరి సెట్టు 5-7 అని కనబడగానే కళ్లు చెమర్చాయి. కొద్ది రోజులకే ఢిల్లీలో, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో లియాండర్ పేస్ పక్కన నిలబడి స్పెయిన్ నాదల్ జోడీ మీద తొలి సెట్టు గెలిచాడు. 2017లో అర్జున అవార్డు వచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో రామ్‌కుమార్‌తో డబుల్స్ రజతం గెలిచేనాటికి వయసు 35. ఇదంతా కాలేజీ తర్వాత ఆడిందే కదా.

మన దగ్గర పదో తరగతి రాగానే రాకెట్ అటక ఎక్కుతుంది. ఇంటర్ కాలేజీలో గ్రౌండ్ ఉండదు, ఉన్నా పిల్లల్ని వదలరు. ముప్పై ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి కళ్లారా చూసిన మాట ఇది. మా ఊళ్లో ఉన్న ఒక్క టెన్నిస్ కోర్టులో నాలుగు నెలలుగా ట్రాక్టర్ ట్రక్కు నిలిపి ఉంది. బేస్‌లైన్ దగ్గర సిమెంటు పెచ్చులు లేచిపోయాయి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి రోజూ సాయంత్రం వచ్చి, ఆ ట్రక్కు పక్కనున్న గోడకు బంతి కొట్టుకుంటుంది. బంతి మీద నూగు ఎప్పుడో రాలిపోయింది. మూడు అర్జీలు పెట్టాను. ఫైలు నడుస్తోందంటారు. పతకం వచ్చిన రోజు మాత్రం శాలువా పట్టుకుని అందరికంటే ముందుండేది ఈ అధికారులే.

మీ వార్త చదివిన తల్లిదండ్రులు కాలేజీకి వెళ్తే ఆట పోయినట్టేనని అనుకుంటారు. ఆ వాక్యం తప్పని అదే పేజీలో వేయండి. వీలైతే మీ విలేకరిని ఒక సాయంత్రం మా ఊరు పంపండి. ఆ కోర్టు నేనే దగ్గరుండి చూపిస్తాను.

– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, కృష్ణా జిల్లా