మీటరు బద్ద

తెనాలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నికి నాన్న దీవెనలు.

ఫోన్లో చెప్తే పోయేదానికి ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో నేను నాలుగు మాటలు అనేలోపే నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు. కాగితానికి సరే అని అడ్డం రాలేవు కదా. రాసింది ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను. శనివారం ఆ పాత కార్ల యార్డుకి వెళ్ళేలోపు తీరిగ్గా చదువు.

నిన్న అక్కణ్ణుంచి వీడియో కాల్ చేశావు. ఆ స్విఫ్ట్ చూడటానికి బాగానే ఉంది. కానీ కారు అమ్మే కుర్రాడు పక్కనే నిలబడి ఉండగా "నాన్నా, వైట్ కలర్ ఎంత బాగుందో చూడు, నాకు ఇదే కావాలి" అన్నావు చూడు, ఆ ఒక్క మాట ఖరీదు పదిహేను వేలుంటుందమ్మా. నువ్వు కారు చూపిస్తున్నావు గానీ నేను అతని మొహమే చూస్తున్నాను. అప్పటిదాకా చేతిలో గుడ్డతో అద్దం తుడుస్తూ ఉన్నవాడు, గుడ్డ భుజాన వేసుకుని నీకు టీ చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టల కొట్టు నడిపినవాణ్ణి. టీలూ కూల్‌డ్రింకులూ ఎప్పుడు తెప్పించాలో నాకు తెలుసు. బేరం కుదిరిపోయింది, ఇక డబ్బులు లెక్కపెట్టడమే మిగిలింది అనుకున్నప్పుడు తెప్పిస్తాం.

మన కొట్టుకి కొల్లిపర నుంచి ఒక ముసలావిడ వచ్చేది, నీకు గుర్తుండదు. ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిబట్టలూ మన దగ్గరే కొంది. ఆమెకి ఏ చీర కావాలో చివరిదాకా నాకు తెలిసేది కాదు. నచ్చినదాన్ని ముట్టుకునేది కాదు. పక్కన మూడు చీరలు విప్పించి, వాటి జరీకి వంకలు పెట్టి, లేవబోతూ చెప్పులు వెతుక్కుంటూ "అదెంతలే?" అని మోకాలితో చూపించేది. నేను ధర చెప్తే మాట్లాడేది కాదు. అదే నాకు చచ్చే టెన్షన్. ఆ మౌనం భరించలేక నేనే ఇంకో యాభై తగ్గించేవాణ్ణి. శనివారం నువ్వు చెయ్యాల్సింది అదే. ఒక రేటు చెప్పి ఊరుకో. అతను మాట్లాడేదాకా ఫోన్ చూసుకో. నీకు నోరు ఊరుకోదని తెలుసు, అయినా చెప్తున్నాను.

"మేనేజర్‌ని అడిగొస్తా మేడం" అంటాడు. ఈ మాట వినగానే నాకు నవ్వొస్తుంది. మీ తాతయ్య పోయాక కూడా నేను పదేళ్ళు "లోపల పెద్దాయన్ని అడిగొస్తా" అని బీరువాల వెనక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడ కుండ ఉండేది. గ్లాసుడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, దిగాలు మొహం పెట్టుకుని వచ్చి "నూరు తగ్గించమన్నారు, అంతకు మించి నా వల్ల కాదు" అనేవాణ్ణి. వాళ్ళకి నిజంగానే మేనేజర్ ఉండొచ్చు. ఆయనా నీళ్ళు తాగుతూ ఉండొచ్చు. "సాయంత్రం ఇంకో పార్టీ అడ్వాన్స్ ఇస్తానన్నారు" అన్నా కంగారు పడకు. ఇచ్చుకోనీ. హైదరాబాద్‌లో తెల్ల స్విఫ్ట్‌లకి కరువా?

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి.

2006లో మనం పాత మారుతి 800 కొన్నాం కదా, విజయవాడలో ఒక డీలర్ దగ్గర. లక్షా నలభై వేలు చెప్పాడు. నేను వ్యాపారస్తుణ్ణి, నన్ను మించినవాడా అనుకుని మూడు గంటలు కూర్చుని లక్షా ఇరవై ఎనిమిదికి తెచ్చాను. పన్నెండు వేలు తగ్గించానని దారంతా మీ అమ్మకి చెప్పుకుంటూనే ఉన్నాను. డెలివరీ రోజున బిల్లు చూస్తే ట్రాన్స్‌ఫర్ ఖర్చులని 4,500, ఇన్సూరెన్స్‌కి 5,000, ఫైల్ ఛార్జీలని 2,500. కూడితే ఎంత? సరిగ్గా పన్నెండు వేలు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని పైకి చూస్తుంటే అప్పుడు తట్టింది, ఇది మా కొట్టులో మీటరు బద్ద లెక్కే అని.

ఆ లెక్క ఏంటంటే, కొనేవాళ్ళు మీటరు ధర దగ్గర గట్టిగా బేరమాడి రెండు రూపాయలు తగ్గిస్తారు. తగ్గించగానే గెలిచామని పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు. అప్పుడు బద్ద మీద గుడ్డని కాస్త సాగదీసి కొలిస్తే మీటరుకి అంగుళం మిగులుతుంది. నేనూ కొత్తలో చేశాను, అబద్ధమెందుకు. మీ తాతయ్య చూసి బద్ద లాక్కుని కౌంటర్ మీద ఫట్‌మని కొట్టాడు, రెండు ముక్కలైంది. ఆ మోసం అంత బాగా తెలిసినవాణ్ణి, కారు కొనేటప్పుడు మాత్రం బద్ద వైపు చూడలేదు.

అందుకని ధర ఎంత అని అడగొద్దు. "ఆర్సీ నా పేరుకి మారి, ఇన్సూరెన్స్ నా పేరుకి మారి, తాళాలు రెండూ నా చేతిలో పడేసరికి మొత్తం ఎంత?" అని అడుగు. ఆ ఒక్క అంకె మీదే బేరం నడపాలి. పక్కకి లాగుతారు. "నెలకి ఎంత కట్టగలరు మేడం?" అంటారు. దానికి జవాబు చెప్పొద్దు. నాలుగు లక్షలు 14 శాతం వడ్డీకి తీసుకున్నావనుకో. మూడేళ్ళకైతే నెలకి 13,670 దాకా పడుతుంది, ఐదేళ్ళకైతే 9,300. తొమ్మిదివేలు తేలిగ్గా కనపడుతుంది. కానీ మొదటిదానికి వడ్డీ 92 వేలు, రెండోదానికి లక్షా 58 వేలు. నువ్వు వాళ్ళతో కొట్లాడి తగ్గించేదానికంటే ఎక్కువ ఇక్కడే పోతుంది. లోన్ సంగతి ముందు నీ జీతం పడే బ్యాంకులో కనుక్కో. యార్డులో మాత్రం డబ్బు ఎలా తెస్తావో బేరం తేలేదాకా చెప్పకు.

జీఎస్టీ 18 శాతం అదనం అన్నాడన్నావు. డీలర్ దగ్గర పాత కారు కొంటే పన్ను పడేమాట నిజమే. కానీ అది బండి మొత్తం ధర మీద కాదు, అతని మార్జిన్ మీద, అంటే కొన్న ధరకీ అమ్మిన ధరకీ తేడా మీద. 4 లక్షల 60 వేలకి కొని 5 లక్షల 30 వేలకి అమ్మితే మధ్యలో ఉన్న 70 వేల మీద 12,600. అదీ నువ్వు అడిగే ఆ "మొత్తం"లోనే ఉండాలి. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, కొత్త స్విఫ్ట్ ధరలు కూడా తగ్గాయి. కొత్తది చౌకైతే పాతదానికి పాత రేటు ఎలా ఉంటుంది? ముందు రోజు ఏదైనా షోరూంకి వెళ్ళి కొత్తదానికి ఆన్‌రోడ్ కొటేషన్ రాయించుకో. అది మడిచి బ్యాగులో పెట్టుకో, కొంచెం బయటికి కనపడేటట్టు.

ఇక బండి. 2019 మోడల్, 52 వేల కిలోమీటర్లు. నువ్వు పంపిన టైరు ఫోటో పెద్దది చేసి చూశాను. 2419 అని ఉంది. అంటే 2019లో 24వ వారం తయారైన టైరు, బండితో వచ్చిందే. నాకైతే అది మంచి కబురు. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పి టైర్లు అప్పుడే కొత్తవి వేసి ఉంటే మీటరు వెనక్కి తిప్పారని అనుమానపడాలి. ఇక్కడ లెక్క సరిపోతోంది. అయినా బ్రేకు పెడల్ రబ్బరు ఎంత అరిగిందో చూడు, కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు తెప్పించమను. అన్నీ సరిపోయినా టైర్లు మాత్రం మార్చాల్సిందే, నాలుగూ కలిపి ఇరవై వేలకి అటూ ఇటూ. ఇన్సూరెన్స్ వచ్చే నెలతో అయిపోతుందన్నావు, అదో పన్నెండు పదిహేను వేలు. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనర్‌ది నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఉంది అని చెప్పి ధర పెంచితే వినకు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లలో ఇలాంటి బండ్లే 5.25, 5.40, 5.55 లక్షలకి ఉన్నాయి. అవి అడిగే ధరలమ్మా, అమ్ముడైన ధరలు కావు. నా లెక్క ప్రకారం నువ్వు 4 లక్షల 95 వేల దగ్గర మొదలుపెట్టు, టైర్లూ ఇన్సూరెన్సూ చూపించి. ఊరికే "తగ్గించండి" అంటే ఊరికే వెయ్యి తగ్గిస్తారు. మొత్తం అంతా కలిపి 5 లక్షల 30 దాటితే లేచి వచ్చేయ్. ఈ అంకె ఎవరికీ చెప్పకు, అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేసి కూడా అనకు. బండి యార్డుకి ఎప్పుడొచ్చిందో మాత్రం మాటల్లో కనుక్కో. రెండు మూడు నెలలుగా ఉన్న బండైతే వాళ్ళకీ దించుకోవాలనే ఉంటుంది. ఆషాఢంలో మేం ఎందుకు తగ్గింపు పెట్టేవాళ్ళం మరి?

నలభై వేలు తక్కువకి వస్తుందని ఏపీ 39 నంబరు బలెనో కూడా చూపించాడన్నావు. వద్దు. ఒకటి, అక్కణ్ణుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చి తెలంగాణలో మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టి రిజిస్టర్ చేయించుకోవాలి, ఆ నలభై వేలు ఎటు పోతాయో తెలియదు. రెండోది నాకు అసలు భయం. ఏపీ 39 రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్, బండి ఏ ఊళ్ళో తిరిగిందో నంబరు చెప్పదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరద వచ్చినప్పుడు నీళ్ళు దిగాక సింగ్ నగర్‌లో మీ బాబాయి కారు తలుపు నేనే తీశాను. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది, మురిగిన గోనెసంచి వాసన. కడిగించి, సీటు కవర్లు మార్చి, సెంటు కొడితే పోయింది. కానీ సీటు బెల్టు చివరిదాకా లాగితే, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడులో సన్నగా బురద గీత. అలాంటి బండ్లు ఎన్ని తేలి ఎక్కడెక్కడికి పోయాయో. నువ్వు కొనే స్విఫ్ట్‌కి కూడా బెల్టులన్నీ చివరిదాకా లాగి చూడు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద వేలు పెట్టి చూడు.

పొద్దున్నే వెళ్ళు. వెళ్ళగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నువ్వొస్తున్నావని ముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజన్ నీ ఎదురుగా స్టార్ట్ చెయ్యమను, వెనక నీలం పొగ వస్తే ఇక బేరం మాటే వద్దు. నీ స్నేహితురాలి తమ్ముడు మెకానిక్ ఒకణ్ణి తెస్తానన్నాడు కదా, అతనికి వెయ్యో రెండువేలో ఇచ్చి తీసుకెళ్ళు. ఊరికే వచ్చినవాడు ఊరికే చూస్తాడు.

కాగితాల దగ్గర నేను పడ్డ పాట్లు నువ్వు పడొద్దు. ఆ మారుతి మీద పాత ఓనర్ అప్పు తీరలేదు, ఆర్సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. ఏడు నెలలు ఇంకొకరి పేరున్న బండి నడిపాను. తనిఖీ అంటే చాలు గుండె దడదడ. హైపోథెకేషన్, అంటే బండి మీద అప్పు, ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చూపించాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద పాత ఓనర్ సంతకాలుండాలి. చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో నువ్వే నంబరు కొట్టి చూసుకో. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, ఆ కాగితం చూపించమని అడుగు. అడగడంలో తప్పులేదు, వాళ్ళు మొహం మాడిస్తే అదీ ఒక జవాబే. ఆర్సీ నీ పేరుకి వచ్చేదాకా ఒక ఇరవై వేలు నీ దగ్గరే ఉంచుకో. ఒప్పుకోకపోతే ఏ తేదీలోపు మార్పిస్తారో బిల్లు మీద రాయించు. టోకెన్ అడ్వాన్స్ ఇస్తే, బండి వద్దనుకుంటే తిరిగి ఇస్తారని రసీదులో ఉండాలి. ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చడానికి పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు ఇవ్వాలి, మర్చిపోకు.

ఇంకేముంది. నేను రానా అని అడిగావు. వస్తే నోరు మూసుకుని కూర్చోలేను, నీ బేరం నేను చెడగొడతాను. నువ్వే చెయ్యి. ఆ కుర్రాడితో మర్యాదగా ఉండు, అతనిదీ ఉద్యోగమే.

మీ అమ్మ నిమ్మకాయలు నాలుగు కొని ఫ్రిజ్‌లో పెట్టింది, నీకు పంపాలట, టైర్ల కిందకి. "కారు ఇంకా కొనలేదే, ధరే తేలలేదు" అంటే, "నిమ్మకాయల యార్డులో ఇవాళ చౌకగా ఉన్నాయి, అందుకే తెచ్చా" అంది.

మీ నాన్న