ఉన్నత పాఠశాలల్లో ఫొటోగ్రఫీ కోర్సు: పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులు గారికి నమస్కారాలు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు ఫొటోగ్రఫీ కోర్సు రూపొందించాలని కోరుతూ, దాన్ని కెమెరాల కొనుగోలుతో మాత్రం మొదలుపెట్టవద్దని మనవి చేస్తున్నాను. కొన్నవి బీరువాల్లో ఉండిపోతాయన్న సంగతి తమకు తెలియనిది కాదు. అట్టపెట్టెకు ఒకవైపు సూదిరంధ్రం చేసి, ఎదుటివైపు నూనె రాసిన కాగితం అతికిస్తే, ఎండలో నిలిచిన వేపచెట్టు దానిపై తలకిందులుగా కనబడుతుంది. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందన్న పాఠం అక్కడే అర్థమవుతుంది. 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్ పద్ధతిలో ఆకుల నీలి ముద్రలు తీయడానికి ఎండ, నీళ్లు, రెండు రసాయనాలు, ఉపాధ్యాయుడి పర్యవేక్షణ చాలు. షటర్ వేగం (కెమెరాలోకి కాంతి ఎంతసేపు రావాలన్నది), ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలన్నది) వంటివి ఆ తర్వాత ఫోన్లలోనే నేర్పవచ్చు.

ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ చిత్రాలు పాఠ్యాంశంలో ఉండాలి. హైదరాబాదు పిల్లలకే ఆయన పేరు తెలియకపోతే అది మన లోపమే.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయవలసింది అనుమతి గురించిన పాఠం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. కనుక తోటి విద్యార్థిని అడగకుండా ఫొటో తీయరాదని, తీసినదాన్ని ఇతరులకు పంపరాదని తొలి తరగతిలోనే చెప్పాలి.

డ్రాయింగు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయులతో చర్చించి, వచ్చే విద్యాసంవత్సరానికి ముందే ముసాయిదాను ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు