ఎడారి యుద్ధం మళ్ళీ మొదలుపెడదామా?

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమెరికాలో చదువుకునే రోజుల్లో మన గదిలో పటం పరచుకుని ఆడిన యుద్ధాలు గుర్తున్నాయా అని ఒక్క వాక్యంలో అడిగి ఊరుకున్నావు. జవాబు మాత్రం ఒక్క వాక్యంలో తెమిలేది కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చాలా ఆటలు ఆడాం గాని, నా మనసులో నిలిచిపోయినది బాల్టిమోర్‌కు చెందిన ఆటల కంపెనీ అవలాన్ హిల్ వారు 1964లో తెచ్చిన 'ఆఫ్రికా కోర్', రెండవ ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్లకు, బ్రిటిష్ వారికి జరిగిన పోరును పటం మీద ఆడించే ఆట. ఎవరో వాడి వదిలేసిన పెట్టెను మనం కొన్నాం. ఆరు మూలల గడులతో నిండిన లిబియా, ఈజిప్టు తీరం, దాని మీద సైనిక దళాలకు గుర్తుగా రెండు రంగుల అట్టబిళ్ళలు కదిలించడం చూసి పక్కగది వాళ్ళు నవ్వుకునేవారు. మూడు పులులు, పదిహేను మేకలతో పులిజూదం ఆడి పెరిగిన మనకు మాత్రం, రెండు పక్షాల బలాలు సమానంగా లేకపోయినా ఆట న్యాయంగానే సాగగలదని ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఆ ఆటలో అసలు శత్రువు ఎదుటివాడు కాదు, సరఫరా. దాడి చేయాలంటే సరఫరా బిళ్ళ చేరువలో ఉండాలి, దాడి జరగగానే అది ఖర్చైపోతుంది, కొత్తది సముద్రం దాటి వస్తుందో మునిగిపోతుందో పాచిక చెప్పాలి. జర్మన్ సేనాని రోమెల్ బిళ్ళను వెంటబెట్టుకుని అదనపు గడులు పరుగెత్తి ఈజిప్టు సరిహద్దు దాకా దూసుకుపోయిన నువ్వు, వరసగా ఓడలు మునిగిపోయి, కదలడానికి వీలున్నా కొట్టడానికి వీల్లేక పళ్ళు నూరుతూ కూర్చున్న రాత్రి నాకు ఎంత ఆనందం కలిగించిందో ఇప్పుడు దాచడం దేనికి!

ఇక నిష్పత్తుల లెక్క. మన బలం ఎదుటివాడి బలానికి మూడు రెట్లుంటే, మనం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయే ఫలితం, పాచిక పడ్డాక పోరు ఫలితం చూసుకునే పట్టికలో ఉండదు. ఏడుకు ఎదురుగా ఇరవై ఒకటి బదులు ఇరవై మాత్రమే కూడితే, మిగిలిన భిన్నం ఎదుటివాడి పక్షానికే చెల్లి, లెక్క రెండుకు ఒకటిగా దిగజారుతుంది. అప్పుడు పాచిక అడ్డం తిరిగితే సర్వనాశనమే. ఆ ఒక్క అంకె కోసం నువ్వు ఎక్కడో దూరాన ఉన్న చిన్న దళాన్ని లాక్కురావడానికి గడులు పైకి లెక్కపెడుతుంటే, నీ ఉద్దేశమంతా నాకు వినబడేది. నిజం చెప్పాలంటే నేను ఇప్పటికీ వెతుక్కునేది ఆ వినికిడినే. ఇవాళ కంప్యూటరు ఆ కూడికలన్నీ తానే చేసిపెట్టి ఫలితం ఒక్కటే చూపిస్తుంది. తప్పులుండవు, తగాదాలుండవు, ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో తెలిసే మార్గమూ ఉండదు.

తగాదాలంటే గుర్తొచ్చింది. బ్రిటిష్ బిళ్ళల్లో నాలుగవ భారతీయ డివిజను బ్రిగేడ్లు కనబడగానే, ఇకపై ఆ పక్షం నీకే కావాలని నువ్వు పట్టుబట్టావు. 1941 జూన్‌లో హల్ఫాయా కనుమ దగ్గర ఆ డివిజనులోని 11వ బ్రిగేడ్ నిజంగానే దాడికి దిగి గట్టి దెబ్బ తిన్నదని ఆ తరువాత గ్రంథాలయంలో చదివి వచ్చి, రాత్రంతా ఆట మాని దాని గురించే మాట్లాడావు. మన తాతల తరం వాళ్ళు పోరాడిన చోటును ఒక అమెరికా కంపెనీ అట్టముక్క ద్వారా తెలుసుకోవడం నాకు కొంత సిగ్గుగానే అనిపించింది.

1998లో అవలాన్ హిల్ బొమ్మల కంపెనీ హాస్‌బ్రో చేతికి పోయింది. పెట్టె మాత్రం నా దగ్గరే భద్రంగా ఉంది.

అందుచేత నాదొక ప్రతిపాదన. ఆ రోజుల్లో దూరాన ఉన్నవాళ్ళు ఉత్తరాల ద్వారా ఆడేవారు కదా. పాచికకు బదులు ముందే ఒప్పుకున్న తేదీన ఒక కంపెనీ షేర్ల అమ్మకాల సంఖ్యలోని చివరి అంకెను వాడేవారు, మోసానికి తావుండేది కాదు. మనమూ అలాగే ఆడదాం. బ్రిటిష్ పక్షం, భారతీయ డివిజనుతో సహా, ఈసారి నాది. జర్మన్లదే మొదటి ఎత్తు కనుక, గడుల గుర్తులతో సహా దాన్ని రాసి పంపు. ఏ కంపెనీ షేరు చూడాలో, ఏ తేదీదో కూడా అందులోనే రాయి.

నీ
పాత ప్రత్యర్థి